సోదెకు స్టేషను, జాతకానికి యూనివర్సిటీ

ఎరుక చెబుతానమ్మో అంటూ బుట్ట చంకనెత్తుకుని తిరిగిన ఎరుకలసాని కులాన్ని తెల్లదొరలు నేరస్థ జాతి అన్నారు. 1911 చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. అనుమానం పోలేదు.

అదే జోస్యం పంచాంగం పట్టినవాడి నోట శాస్త్రమైంది! 2001లో యు.జి.సి. దాన్ని యూనివర్సిటీలకెక్కించింది. హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెళితే 2004లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. ఇవాళ జాతకం సెల్‌ఫోన్లోనే, ఫీజూ అందులోనే.

సోదె నిజమని మా వాదన కాదు; రెండూ అబద్ధాలే. అయితే తిథీ లగ్నమూ లెక్కలు గనుక కంప్యూటరుకు లొంగాయి. సోదెమ్మ ఎదుటి ఆడమనిషి ముఖం చూసి, ఇంటి బాధ కనిపెట్టి చెప్పేది. చాటలో పోసిన గింజలే ఆమె కూలి.