చౌద్దో ఆయిన్ నుంచి లేడీ డాక్టరు దాకా: కలకత్తాలో స్త్రీ దేహపరీక్ష

గైనకాలజిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్లే స్త్రీకి కలిగే బెరుకును సిగ్గు అనే ఒక్క మాటతో సరిపెట్టడం అందరికీ అలవాటు. కానీ కలకత్తా నగర చరిత్రను తిరగేస్తే ఆ బెరుకులో సిగ్గు పాలు ఎంత ఉన్నా, అధికారం పట్ల భయం పాలు అంతకు తక్కువ కాదని తెలుస్తుంది. స్త్రీ శరీరాన్ని పరికరంతో తెరిచి లోపలి భాగాలను చూసే పాశ్చాత్య వైద్య పరీక్షను ఆ నగరంలో ఒక క్రమం ప్రకారం, పెద్ద ఎత్తున ముందుగా ఎదుర్కొన్నది నొప్పి అనో నలత అనో తమంతట తాము ఆసుపత్రికి వచ్చిన ఇల్లాళ్లు కారు. పోలీసు చిట్టాలో పేరెక్కించి, తేదీ వేసి రప్పించిన స్త్రీలు.

అంతకుముందు పరిస్థితి వేరు. కలకత్తా మెడికల్ కాలేజీ 1835లోనే ఏర్పడింది, మరుసటి ఏడాదే మధుసూదన్ గుప్త శవచ్ఛేదన చేసి సంచలనం సృష్టించాడు. అయినా ఆ విద్య భద్రలోకపు, అంటే చదువుకున్న పై వర్గాల, ఇళ్ల అంతఃపురం గడప దాటడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. పురుడు పోసేది దాయి, అంటే మన మంత్రసాని. పురిటి గదిని బెంగాలీలు ఆతుర్ ఘర్ అంటారు. ఇంటికి ఎడంగా, గాలీ వెలుతురూ తక్కువైన చోట దాన్ని కట్టి, మైల పేరుతో బాలింతను అందులో ఉంచేవారు. జబ్బు ముదిరి డాక్టరును పిలిపించినా అతడు మగవాడే కనుక తెర అవతలి నుంచి చాచిన చేతి నాడి చూసి, మిగిలిన సంగతులు ఇంట్లోని ముసలమ్మల నోట విని మందు రాసి వెళ్లేవాడు. ఈ పద్ధతిలో గర్భాశయపు జబ్బును గుర్తించడం దాదాపు అసాధ్యం. అయితే రోగి అనుమతి లేకుండా ఎవరూ ఆమెను తాకలేకపోవడం కూడా ఆ తెర వల్లే సాధ్యమైందన్న సంగతిని సంస్కర్తల రాతలు అంతగా పట్టించుకోలేదు.

ఈ పరీక్షకు ఆధారమైన పరికరం స్పెక్యులం. యోని గోడలను మెల్లగా ఎడంచేసి లోపల గర్భాశయ ముఖద్వారం కనిపించేలా చేసే లోహపు సాధనమిది. నేటికీ మన ఆసుపత్రుల్లో వాడే రెండు రకాల్లో ఒకటి బాతుముక్కు ఆకారంలో ఉండే సిమ్స్ స్పెక్యులం, రెండోది రెండు రేకులు విచ్చుకునే కస్కో స్పెక్యులం. మొదటిదాన్ని రూపొందించిన జె. మేరియన్ సిమ్స్ 1840లలో అమెరికాలోని అలబామాలో నల్లజాతి బానిస స్త్రీల మీద, మత్తుమందు ఇవ్వకుండా, పదే పదే శస్త్రచికిత్సలు చేసి తన పద్ధతిని కనిపెట్టాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే మూడు పేర్లు మాత్రం అతడి రాతల్లో మిగిలాయి. కాదనే హక్కు లేని శరీరాల మీద పుట్టిన సాధనం కలకత్తాలో కూడా కాదనే హక్కు లేనివాళ్ల మీదే పనికి దిగడాన్ని కాకతాళీయం అనుకోవడం కష్టం.

1857 తిరుగుబాటు తర్వాత భారతదేశంలో తెల్ల సైనికుల సంఖ్య పెరిగింది, వారిలో సుఖవ్యాధులు కూడా పెరిగాయి. సైనికుణ్ణి పరీక్షిస్తే అతడి మర్యాదకు భంగమనీ, వ్యాధికి మూలం వేశ్యే కనుక ఆమెను పరీక్షిస్తే చాలుననీ అధికారులు వాదించారు. ఇంగ్లండులో 1864లో వచ్చిన అంటువ్యాధుల చట్టం తరహాలో ఇక్కడ 1868లో పద్నాలుగో నంబరు చట్టం చేశారు. బెంగాలీలు దాన్ని చౌద్దో ఆయిన్, అంటే పద్నాలుగో చట్టం, అని పిలిచారు. వేశ్యావృత్తిలో ఉన్న ప్రతి స్త్రీ పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకుని, టికెట్టు తీసుకుని, నెలకు రెండుసార్లు చొప్పున దేహపరీక్షకు హాజరు కావాలి. వ్యాధి ఉందని తేలితే నయమయ్యేదాకా లాక్ ఆసుపత్రిలో, అంటే బయటికి వెళ్లనివ్వకుండా ఉంచి చికిత్స చేసే ఆసుపత్రిలో, ఉండిపోవాలి. హాజరు కాకపోతే జరిమానా లేదా జైలు. వ్యాధి నిర్ధారణకు సూక్ష్మజీవి పరీక్షలేవీ అప్పటికి లేవు, గనోరియా క్రిమిని 1879లో గానీ కనుక్కోలేదు. కంటికి కనిపించిన ఎరుపును బట్టి, స్రావాన్ని బట్టి వైద్యుడు తీర్పు చెప్పేవాడు కనుక మామూలు తెల్లబట్ట సైతం ఒక స్త్రీని వారాల తరబడి నిర్బంధంలో ఉంచడానికి సరిపోయేది.

ఆ కాలంలో మొదటి పరీక్షకు స్త్రీలు చేసుకున్న ఏర్పాట్లు వైద్యానికి సంబంధించినవి కావు. కొందరు రాత్రికి రాత్రి నగరం విడిచి, హుగ్లీ నది ఎగువన ఫ్రెంచివారి పాలనలో ఉన్న చందన్‌నగర్‌కు పారిపోయారు, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషువాడి చట్టం చెల్లదు. కొందరు పోలీసులకు లంచమిచ్చి పేరు కొట్టేయించుకున్నారు, కొందరు ఒకే పురుషుడి దగ్గర ఉంటున్నామని చెప్పి చిట్టాలోంచి తప్పుకున్నారు, మరికొందరు అర్జీలు పెట్టుకున్నారు. ఉత్తర కలకత్తాలోని బట్‌తలా ముద్రాపకులకు ఇదంతా మంచి సరుకై, చౌకబారు చిన్న పుస్తకాల్లో వేశ్యల పరుగును ఎగతాళి చేస్తూ, మధ్యమధ్య వారి అవమానాన్ని కూడా రికార్డు చేస్తూ అచ్చేసి అమ్ముకున్నారు. ఆ వెక్కిరింతలే నేడు చరిత్రకారుడికి ఆధారాలు.

ఈ వ్యవహారంలో సుఖీమణి రౌర్ కేసు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. పరీక్షకు హాజరు కాలేదని పోలీసులు ఆమెను జైల్లో పెట్టారు. తాను వేశ్యను కాననీ, తన పేరును చిట్టాలో పొరపాటుగా ఎక్కించారనీ ఆమె న్యాయస్థానానికి ఎక్కింది. 1869 మార్చిలో కలకత్తా హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెబుతూ, నమోదు అనేది స్వచ్ఛందంగా జరగాలే గానీ బలవంతంగా జరగరాదని స్పష్టం చేసింది. దేహపరీక్షకు స్త్రీ సమ్మతి కావాలన్న మాటను నేరుగా కాకపోయినా, దాని వెనక ఉన్న న్యాయాన్ని గుర్తించిన తొలి కోర్టు మాటల్లో ఒకటిగా దీన్ని లెక్కించవచ్చు. అయితే తీర్పు వచ్చినా చట్టం పోలేదు. ఇంగ్లండులో జోసెఫీన్ బట్లర్ నాయకత్వంలో ఈ పరీక్షలను స్త్రీ మీద యంత్రంతో జరిపే అత్యాచారంగా పరిగణించిన ఉద్యమం సాగి అక్కడి చట్టం 1886లో రద్దయ్యాక, కలకత్తాలో 1883లోనే ఆగిపోయిన ఇక్కడి చట్టం కూడా 1888లో పూర్తిగా రద్దయింది.

అదే 1883లో కలకత్తా మెడికల్ కాలేజీ తొలిసారి ఒక స్త్రీని విద్యార్థినిగా చేర్చుకుంది. ఆమె కాదంబినీ గంగూలీ. ఆమెకు ఏడాది ముందు అబలా దాస్ (తర్వాత జగదీశ్ చంద్ర బోస్ భార్య) వైద్యం చదవాలనుకుంటే కలకత్తాలో తలుపులు మూసి ఉండటంతో మద్రాసు వెళ్లవలసి వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే స్త్రీలను చేర్చుకుంది. 1861లో పుట్టిన కాదంబిని బెథూన్ కాలేజీ నుంచి చంద్రముఖీ బసుతో పాటు పట్టభద్రురాలైంది. భర్త ద్వారకానాథ్ గంగూలీ బ్రహ్మసమాజ నాయకుడు. రాజమండ్రిలో వీరేశలింగం చేస్తున్న పనికి ఊపిరిపోసిన సమాజమూ అదే కనుక ఈ కథ తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు. చివరి పరీక్షల్లో ఒక భాగంలో తప్పించడంతో ఎం.బి. పట్టా దక్కలేదు, 1886లో జి.బి.ఎం.సి. అనే అర్హతతోనే ఆమె వైద్యం మొదలుపెట్టింది. 1888లో లేడీ డఫరిన్ ఆసుపత్రిలో నెలకు 300 రూపాయల జీతం మీద చేరింది. 1891లో ఒక బెంగాలీ పత్రిక ఆమె నడవడి మీద నీచమైన రాత రాయగా కేసు పెట్టి ఆ సంపాదకుణ్ణి జైలుకు పంపించింది. రెండేళ్ల తర్వాత స్కాట్లాండులో మూడు వైద్య సంస్థల అర్హతలు ఒకేసారి సంపాదించి తిరిగివచ్చింది.

లేడీ డాక్టర్ల రాక పరీక్ష స్వరూపాన్ని ఎంతో మార్చింది. పరికరం అదే, కానీ గది వేరు, పిలిచినవాళ్లు వేరు. డాక్టరే రోగి ఇంటికి వచ్చేది. బండిలో దారి పొడవునా లేసు అల్లుకుంటూ కాదంబిని రోగుల ఇళ్లకు వెళ్లేదని చెబుతారు. అత్తో తల్లో పక్కన కూర్చునేది, ఏం జరగబోతోందో తమ భాషలో తమలాంటి మనిషే చెప్పేది. నేటి ఆసుపత్రుల్లో పరీక్ష సమయంలో మరో స్త్రీ గదిలో ఉండాలన్న నియమం ఈ ఇళ్ల ఆచారాన్ని గుర్తుకు తెస్తుంది. అయితే ఇళ్లవాళ్లు లేడీ డాక్టరును దాయితో సమానంగా చూసి వసారాలో కూర్చోబెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ స్థాపించిన నిధి దేశమంతటా స్త్రీల ఆసుపత్రులకు దారితీసింది. విశాఖపట్నం, విజయనగరాల్లో నేటికీ జనం నోట ఘోషాసుపత్రిగా నిలిచిన ఆసుపత్రులు ఈ ఆలోచన నీడలో పుట్టినవే. దీనికి రెండేళ్ల ముందు, 1883లోనే, కలకత్తాకు ఎగువన శ్రీరాంపూర్ కాలేజీలో ఆనందీబాయి జోషి ప్రసంగిస్తూ, హిందూ స్త్రీలకు హిందూ స్త్రీ వైద్యులే కావాలనీ, ఆ చదువు కోసమే తాను అమెరికా వెళ్తున్నాననీ ప్రకటించింది. డఫరిన్ నిధి ఆసుపత్రుల్లో పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా ఐరోపా స్త్రీలకే పోయాయన్నది వేరే సంగతి, అది కాదంబినికి స్వయంగా అనుభవమే.

పేద, మధ్యతరగతి ఇళ్లకు అసలు చేరువైనవారు క్యాంప్‌బెల్ మెడికల్ స్కూల్లో (నేటి నీల్ రతన్ సర్కార్ కాలేజీ) చదివిన స్త్రీలు. అక్కడ బోధన బెంగాలీలో జరిగేది. శరీర భాగాల పేర్లను సొంత భాషలో నేర్చుకున్న డాక్టరు, రోగికి ఆ భాషలోనే విషయం విప్పి చెప్పగలదు. 1894లో అక్కడ ఉత్తీర్ణురాలైన హైమవతీ సేన్ బాల్యంలోనే నడివయసు వరుడికి భార్యై, ఆ వెంటనే వితంతువైన మనిషి. తరగతిలో మొదటి స్థానం వచ్చినా ఆడపిల్లకు బంగారు పతకం ఇవ్వరాదని మగ విద్యార్థులు గొడవ చేయడంతో వెండి పతకంతో సరిపెట్టుకుని, చుంచుడాలోని డఫరిన్ ఆసుపత్రిలో పనిచేసింది. ఆమె బెంగాలీలో రాసి పెట్టుకున్న ఆత్మకథ చాలా కాలం తర్వాత వెలుగు చూసింది.

ఇదే సమయంలో దేహపరీక్ష మరో వివాదానికి కేంద్రమైంది. కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పదేళ్లు దాటిన బాలిక, ముప్పై దాటిన భర్త వల్ల అయిన గాయంతో చనిపోయింది. అప్పటి చట్టంలో సమ్మతి వయసు పదేళ్లే కావడంతో అతడికి ఏడాది శిక్షతో సరిపోయింది. ఆ వయసును 12కు పెంచుతూ 1891లో చట్టం వస్తున్నప్పుడు దానికి వ్యతిరేకంగా కలకత్తా మైదానంలో భారీ సభ జరిగింది. వ్యతిరేకుల వాదాల్లో ఒకటి, వయసు తేల్చే నెపంతో పోలీసులు, ప్రభుత్వ డాక్టర్లు ఇంటి ఆడవాళ్ల శరీరాలను పరీక్షిస్తారన్నది. బాల్యవివాహాన్ని కాపాడేందుకు వాడుకున్న వాదమే అయినా, చౌద్దో ఆయిన్ చూసిన నగరంలో ఆ భయానికి ఆధారం లేకపోలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పరీక్ష ప్రాణరక్షణ సాధనంగా కూడా మారింది. చిత్తరంజన్ దాస్ ఇచ్చిన ఇంట్లో 1926లో మొదలైన చిత్తరంజన్ సేవాసదన్ చుట్టూ ఎదిగిన సుబోధ్ మిత్రా, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు యోని మార్గంలో చేసే పెద్ద శస్త్రచికిత్సతో ప్రపంచఖ్యాతి పొందాడు. అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిని 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించింది. ముఖద్వారం మీద ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబారిన చోటును కంటితో చూసే వి.ఐ.ఎ. పరీక్షను 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి చేయాలని భారత ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది.

పద్నాలుగో చట్టం వేశ్యలను వెంటాడిన నగరంలోనే, అక్కడి వేశ్యావాటిక సోనాగాఛీలో, 1992లో సోనాగాఛీ పథకం మొదలైంది. ప్రజారోగ్య వైద్యుడు స్మరజిత్ జానా నేతృత్వంలో, అదే వృత్తిలోని స్త్రీలే తోటివారి ఇళ్లకు వెళ్లి జబ్బుల గురించి చెప్పి, ఇష్టమైతే క్లినిక్‌కు తీసుకువచ్చేవారు. పేరు నమోదు, టికెట్టు, పోలీసు లేవు. 1995లో ఏర్పడ్డ దుర్బార్ మహిళా సమన్వయ సమితి ఆ బాధ్యతను తర్వాత తన చేతుల్లోకి తీసుకుంది.

ఇప్పుడు కలకత్తాలోనైనా, గుంటూరులోనైనా మొదటిసారి వెళ్లే స్త్రీ ముందు తెలుసుకోవలసింది ఏమంటే, తొలి సందర్శనలో లోపలి పరీక్ష తప్పనిసరి కాదు. నెలసరి తేదీలు, నొప్పి, స్రావం గురించి మాట్లాడటం, రక్తపోటు చూడటం, పొట్ట మీద చేత్తో నొక్కి చూడటంతో చాలా సందర్భాలు తేలిపోతాయి. లైంగిక అనుభవం లేని అమ్మాయికి పొట్ట మీదుగా చేసే స్కానింగు సాధారణంగా సరిపోతుంది, దానికి మూత్రాశయం నిండుగా ఉండాలి, లోపలి పరీక్షకు మాత్రం ఖాళీగా ఉండాలి. లోపలి పరీక్ష అవసరమైతే ఎందుకో అడగవచ్చు, గదిలో మరో స్త్రీ ఉండాలని కోరవచ్చు, మధ్యలో ఆపమని చెప్పవచ్చు; నడుము, తొడల కండరాలు వదులుగా ఉంచి నిదానంగా ఊపిరి వదిలితే నొప్పి తగ్గుతుంది, బిగబట్టడం వల్లే ఎక్కువ బాధ. ఓ.పి. గదుల్లో డాక్టర్లు లైంగిక అనుభవం సంగతిని నేరుగా అడగకుండా పెళ్లయిందా అని అడగడం మాత్రం మానలేదు. పెళ్లికాని స్త్రీ నిజం చెప్పలేని స్థితిలో పడేది అక్కడే, పెళ్లయిన స్త్రీని ఏమీ అడగకుండానే పరీక్షకు సిద్ధంగా భావించేదీ అక్కడే. అత్యాచార బాధితురాలి శీలాన్ని కొలిచే రెండు వేళ్ల పరీక్ష వెనక ఉన్నదీ ఇదే ఊహ. 2013లో సుప్రీంకోర్టు దాన్ని బాధితురాలి గౌరవానికి భంగమని తప్పుపట్టింది, 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి, అయినా ఆగకపోవడంతో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద జవాబుదారుల్ని చేయాలనీ, వైద్య కళాశాలల పాఠ్యాంశాలను సమీక్షించాలనీ ఆదేశించింది.