సీసాలో అమ్మిన దమ్ము

అమెరికన్ ఇంగ్లీషులో ‘మాక్సీ’ అని ఒక మాట ఉంది. ఎదురుదెబ్బలకి బెదరని తెగువ, అందులో చిటికెడు పొగరు. ‘వాడికి దమ్ముందిరా’ అని మనం అనే చోట వాళ్ళు మాక్సీ ఉందంటారు. ఇదేదో లాటిన్ ధాతువులోంచి పుట్టిన మాట కాదు. మందుసీసా లేబుల్ మీంచి దిగొచ్చింది. 1885లో, మసాచుసెట్స్‌లోని లోవెల్ ఊళ్ళో ఆగస్టిన్ థాంప్సన్ అనే డాక్టరు ‘మాక్సీ నెర్వ్ ఫుడ్’ అని ఒక చేదు మందుని రిజిస్టర్ చేయించాడు. పక్షవాతం, నిద్రలేమి, నరాల నీరసం అన్నీ పోతాయన్నాడు. ఎవరో లెఫ్టినెంట్ మాక్సీ దక్షిణ అమెరికాలో కనిపెట్టిన మొక్క అని కథ కూడా అల్లాడు. ఆ లెఫ్టినెంట్ ఉన్నాడనడానికి ఆధారాల్లేవు. ఇంగ్లీషులో నెర్వ్ అంటే నరమూ అవుతుంది, ధైర్యమూ అవుతుంది కాబట్టి కొన్నవాడు తనకి ఏది తక్కువో అదే సీసాలో ఉందనుకోవచ్చు. 1906లో ఆహారం, మందుల మీద చట్టం వచ్చాక ఇలాంటి గొప్పలు చెప్పుకోవడం కష్టమైంది. మందు పోయి కూల్‌డ్రింక్ మిగిలింది. 1930 నాటికి ఆ కూల్‌డ్రింక్ పేరు మనిషి గుణమైపోయింది.

ఇంగ్లీషు వీధి భాషలో ఇలాంటి మాటలు బోలెడు. ‘పెప్’ అంటే పెప్పర్‌ని సగానికి కోసిన ముక్క. మిరియాల ఘాటు మనిషికెక్కింది. ‘ఉప్పూకారం తినేవాడివేనా’ అని అడిగే మనకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ‘విమ్’ లాటిన్‌లో బలం అనే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1904లో లీవర్ బ్రదర్స్ ఆ పేరుతో పాత్రలు తోమే పొడి తెచ్చారు. మన సింకుల పక్కన అరిగిపోతున్న విమ్ బార్ ఆ వంశానిదే.

వీటన్నిట్లో నన్ను బాగా పట్టేసింది మాత్రం ‘జాజ్’. అది సంగీతం కదా అంటారేమో. మొదట కాదు. 1912 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో, పోర్ట్‌లాండ్ జట్టు బౌలర్ బెన్ హెండర్సన్ (బేస్‌బాల్‌లో పిచర్ అంటారు, మనకి బౌలరే దగ్గర) తన మెలికల బంతికి జాజ్ బాల్ అని పేరు పెట్టుకున్నట్టు వచ్చింది. మరుసటేడు శాన్ ఫ్రాన్సిస్కో బులెటిన్‌లో స్కూప్ గ్లీసన్ అనే క్రీడా విలేఖరి ఒక బేస్‌బాల్ శిక్షణ శిబిరం నుంచి రాస్తూ ఈ మాటని పదేపదే వాడాడు. అతని అర్థంలో జాజ్ అంటే చురుకు, ఊపు, పెప్. అదే పత్రికలో ఎర్నెస్ట్ హాప్కిన్స్ ఈ కొత్త మాటని పొగుడుతూ ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. అందులో సంగీతం ఊసే లేదు.

దీనికి ముందు ‘జాజమ్’ అని ఒక మాట ఉండేది, 1860 నాటి ఒక నవలలో కనిపిస్తుంది. అర్థం అదే, సత్తువ. దాని దగ్గరి చుట్టం ఇంకోటి ఉంది. అది రాతలో మొదట సత్తువగా కనిపించి, తర్వాత వీర్యంగా స్థిరపడింది. ఇంగ్లీషు పండితులు ఇక్కడికొచ్చేసరికి కాస్త ఇబ్బందిగా దగ్గుతారు గానీ తెలుగు చదువరికి ఇబ్బందేముంది? వీర్యం అంటే మనకీ పద్యంలో పరాక్రమం, డాక్టరు గదిలో ఇంకొకటి. ‘వీర’ నుంచి వచ్చిన మాట, అంటే మొదట్నుంచీ మగవాడి ఖాతాలో రాసిన శక్తి. చేవ అలా కాదు. అది చెట్టు కాండం లోపలి గట్టి భాగం. అందులో ఆడా మగా లేదు. మన పాత మాటల్లో నాకు బాగా నచ్చేది అదే.

1915 నాటికి చికాగోలో జాజ్ అనే పేరు సంగీతానికి అంటుకుంది. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి వాద్యగాళ్ళు ఏళ్ళుగా కట్టుకుంటూ వచ్చిన సంగీతానికి, పశ్చిమ తీరంలో తెల్ల విలేఖరుల రాతల్లో చలామణీ అయిన మాట పేరైంది. 1917లో జాజ్ అని అచ్చేసుకుని వచ్చిన మొదటి రికార్డు తెల్లవాళ్ళ బ్యాండుది. డ్యూక్ ఎలింగ్టన్ లాంటివాళ్ళకి ఆ పేరు నచ్చకపోవడంలో వింతేం లేదు.

ఆడవాళ్ళ సంగతికొస్తే పేరు పెట్టే పని సినిమా స్టూడియోలు తీసుకున్నాయి. మనిషిలోని చెప్పలేని ఆకర్షణని కిప్లింగ్ 1904లోనే ఒక కథలో ‘ఇట్’ అన్నాడు. అంటే ‘అది’. ఎలినార్ గ్లిన్ అనే బ్రిటిష్ రచయిత్రి దాన్నే పట్టుకుని 1927లో కథ చేసింది, పారమౌంట్ సినిమా తీసింది, క్లారా బో ‘ఇట్ గర్ల్’ అయింది. బ్రూక్లిన్ పేదరికంలోంచి వచ్చిన ఆ అమ్మాయి 1933లో, 28 ఏళ్ళకే సినిమాలు మానేసింది. 1939లో వార్నర్ బ్రదర్స్ ఆన్ షెరిడాన్‌ని ‘ఊంఫ్ గర్ల్’గా ప్రచారం చేసింది. ఊంఫ్ అసలు మాట కూడా కాదు, ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడు. ఆమెకి ఆ బిరుదంటే చిరాకు. గమనించండి, హెండర్సన్ తన బంతికి తనే పేరు పెట్టుకున్నాడు. షెరిడాన్‌కి మాత్రం పబ్లిసిటీ శాఖ పెట్టింది. మన సినిమా పేజీల్లో ‘గ్లామర్ పాత్ర’ కూడా హీరోయిన్‌కే రాసిపెట్టి ఉంటుంది. ఆ గ్లామర్ ఒకప్పుడు స్కాట్లాండులో కనికట్టు. గ్రామర్ అనే మాటనే అక్కడ నోరు తిప్పి అలా పలికారు. చదువొచ్చినవాడికి మంత్రాలూ వచ్చుంటాయని జనం అనుకున్న రోజులవి. అంటే వ్యాకరణం నుంచి వాంప్ పాటల దాకా ఒకటే మాట.

‘మోజో’ కూడా మంత్రమే. నల్లజాతి అమెరికన్ల హూడూ ఆచారంలో అది వేర్లు, మూలికలు కట్టి ఒంటి మీద దాచుకునే చిన్న సంచీ. దాదాపు మన తాయెత్తు. 1957లో మడ్డీ వాటర్స్ పాట దాన్ని ఊరూరా తిప్పింది. ఇప్పుడు ఫామ్ పోయిన ఆటగాడు మోజో పోయిందంటాడు, సంచీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఏటి మాటగా ఎంచిన ‘రిజ్’, కెరిజ్మా నడుములోంచి కోసిన ముక్క. దాన్ని ఇంటర్నెట్‌లో జనాల నోట్లోకి తెచ్చింది కై సెనాట్ అనే నల్లజాతి స్ట్రీమర్. కెరిజ్మా పాల్ లేఖల్లో దేవుడి వరం, మాక్స్ వెబర్ దగ్గర నాయకుడి అధికారానికి ఒక ఆధారం. రిజ్ దగ్గరికొచ్చేసరికి అమ్మాయిని మాటల్లో పడేసే నేర్పు. ఇక ఆఫీసుల్లో దీన్ని ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్’ అంటున్నారు. ఏడాది చివరి సమీక్షలో అది తక్కువైందని నాకూ రాశారు, ఎంత తక్కువో చెప్పలేదు.

మాక్సీ సీసా మాత్రం ఇంకా దొరుకుతోంది. 2005లో మెయిన్ రాష్ట్రం దాన్ని తన అధికారిక కూల్‌డ్రింక్ చేసుకుంది, 2018లో కోకా-కోలా కొనేసింది. జెన్షన్ వేరు వేస్తారు కాబట్టి చేదు పోలేదు.