ఉస్మానియా ప్రాంగణములో భిన్నాభిప్రాయము: సంఘకాపరులకు ఒక పాఠము

కళాశాలలో చేరే యౌవనస్థులకు సంఘకాపరులమైన మనము తరచుగా ఇచ్చే సలహా ఒకటున్నది: "రాజకీయాల జోలికి పోవద్దు." ఈ సలహా ఎంతవరకు సరియైనదో తెలుసుకొనుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలోని రెండు సంఘటనలను పరిశీలించుదాము.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1918లో, ఉర్దూ మాధ్యమముతో ఈ విశ్వవిద్యాలయము స్థాపించబడినది. 1938లో హిందూ విద్యార్థులు వసతిగృహములో వందేమాతరం పాడగా అధికారులు నిషేధించారు. ఆ గీతముపై ముస్లింలలో అనేకులకు అభ్యంతరమున్నది. అందుచేతనే 1937లో కాంగ్రెసు దానిని మొదటి రెండు చరణములకు పరిమితము చేసినది. అనగా అది కూర్చుండి మాట్లాడుకొనవలసిన విషయము. అయితే మాటకు బదులుగా ఆజ్ఞ వచ్చినది. విద్యార్థులు సమ్మె చేశారు, వందలాదిమంది బహిష్కరించబడ్డారు. నాగ్‌పూర్ విశ్వవిద్యాలయము వారిలో అనేకులను చేర్చుకొన్నది. ఈ ఉద్యమములో పాల్గొని నాగ్‌పూర్ వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. పదేళ్లు తిరుగకముందే, 1948 సెప్టెంబరులో, నిజాము పాలనయే ముగిసినది.

రెండవ సంఘటన స్వతంత్ర భారతములోనిది. 1970 నాటికి ప్రాంగణములో వామపక్ష, జాతీయవాద విద్యార్థి బృందముల మధ్య వైరము ముదిరినది. భౌతికశాస్త్ర విద్యార్థి, వామపక్ష నాయకుడు జార్జిరెడ్డి 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగు కళాశాల వసతిగృహ ఆవరణలో హత్య చేయబడ్డాడు. మొదటిసారి పైనున్న అధికారము నోరు మూయించగా, ఈసారి తోటివారి మధ్యనుండే కత్తి లేచినది.

ఇట్టి హింసకు భయపడి ఎన్నికలే వద్దనువారు ఉన్నారు. అయితే జె.ఎం. లింగ్డో కమిటీ విద్యార్థి సంఘముల ఎన్నికలు జరుపవలెననియే సిఫారసు చేసి, అభ్యర్థి వ్యయమును 5,000 రూపాయలకు పరిమితము చేసినది. 2006లో సుప్రీంకోర్టు ఈ సిఫారసులను అమలు చేయమన్నది.

ప్రభువు పిలిచిన పన్నెండుమందిలో పన్ను వసూలు చేసిన మత్తయి ఉన్నాడు. జెలోతే అనబడిన సీమోను కూడా ఉన్నాడు. ప్రభువు వారిని ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టెను. మన యౌవనస్థుల కూడికలలో అట్టి బల్ల ఉన్నదా? "జోలికి పోవద్దు" అని మనము చెప్పినప్పుడు వారు రాజకీయాలు మానలేదు. మనతో మాట్లాడుట మానివేశారు. ఎదుటివాని మాట పూర్తిగా విని, కోపము లేకుండ జవాబు చెప్పుట వారు సంఘములో నేర్చుకొనకపోతే, ప్రాంగణములో వారికి దానిని నేర్పువారెవరు?