కసియన్ ఆయు

కొండ ఇవాళ కూడా లేదు.

ఉదయం ఆరున్నర. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో మావయ్య పక్కన నిలబడి పడమటి దిక్కు చూస్తున్నాను. సరిగ్గా ఎదురుగా దోయ్ సుతేప్ ఉండాలి. 1,676 మీటర్ల కొండ, దాని భుజమ్మీద బంగారు పూత పూసిన స్తూపం. నేనొచ్చి నాలుగు రోజులైంది, ఒక్కసారీ కనబడలేదు. అక్కడ బూడిదరంగు దుప్పటి వేలాడుతోంది. పొద్దుటి ఎండే సాయంకాలపు ఎండలా నారింజరంగులో పడుతోంది. కోతలయ్యాక పొలంలో గడ్డి తగలబెట్టిన వాసన.

“డిసెంబర్లో వచ్చుంటే, నేనూ ఇక్కడే ఉండిపోతాననేవాడివిరా,” అంటూ మావయ్య దగ్గుతూనే నవ్వుతాడు. “మార్చిలో వచ్చి నా పరువు తీస్తున్నావు.”

థాయ్‌లాండ్‌లో ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ ఇది. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలా ఊరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండల్లో మొక్కజొన్న మోళ్ళకీ, అడవిలో ఎండుటాకులకీ నిప్పు పెడతారు. మయన్మార్, లావోస్‌లలో మండేవాటి పొగ కూడా ఇటే వస్తుంది. వచ్చిన పొగ గిన్నె దాటి పోదు. లోపల అత్తయ్య తలుపుల కింద తడి తువ్వాళ్ళు దూర్చి, పడగ్గదిలో గాలిని శుభ్రం చేసే యంత్రం నడుపుతోంది. బయట పీఎం 2.5 ఎంతుందో ఫోనులో చూస్తే 160 దాటింది. రోజుకి 15 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

మావయ్య విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు డాలస్‌లో. ఆర్నెల్లు అక్కడ ఉండి చూశారు. కారు తోలడం రానివాళ్ళకి అక్కడ గుమ్మం దాటే పనుండదు. రాజమండ్రి తిరిగొచ్చారు, ఎదురుపడ్డవాళ్ళంతా “ఏం, అబ్బాయి దగ్గర ఉండలేకపోయారా?” అని పరామర్శ. ఒకసారి టూర్లో వచ్చి చూసిన ఈ ఊరు గుర్తుకొచ్చింది. హైదరాబాదులో ఫ్లాటు అమ్మేసి మూడేళ్ళ కిందట ఇక్కడికి చేరారు. ఏడాదికోసారి ఉండనిమ్మని అడగాలి. ఆ అడిగే రోజు ఇవాళ. 2025 మార్చి 14, శుక్రవారం.

“ఆఫీసు ఎనిమిదిన్నరకి గానీ తియ్యరు. ముందు సంతకి పోదాం,” అంటుంది అత్తయ్య. “శుక్రవారమే దొరుకుతుంది గోంగూర.”

ఎర్ర వ్యాను వెనక్కి ఎక్కుతాం. సాంగ్‌తేవ్ అంటారు. రెండు వరసలని అర్థం. నిజంగానే అటొక బల్ల, ఇటొక బల్ల. దిగి మనిషికి ముప్పై బాత్‌లు డ్రైవరు చేతిలో పెడితే, అతను రెండు చేతులూ జోడిస్తాడు.

బాన్ హో మసీదు ఎదురు సందులో శుక్రవారం పొద్దున మాత్రమే జరిగే సంత. చైనాలోని యునాన్ నుంచి తరాల కిందట కంచరగాడిదల బిడారులతో వచ్చిన ముస్లింల వాడ ఇది. బర్మా షాన్ తెగ ఆడవాళ్ళు బుట్టలు పరుచుకుని కూర్చున్నారు. బుగ్గలకి థనకా గంధం. ఒకామె అత్తయ్యని చూడగానే అడక్కుండానే కట్టలు తీసి పెడుతుంది. ఎర్రకాడల గోంగూర! బర్మావాళ్ళకీ అది మనకున్నంత ప్రాణం. ఆ పక్కనే మునక్కాడలు, చింతకాయలు, పచ్చి మిరియాల గుత్తులు. కరివేపాకు మాత్రం ఉండదు, అత్తయ్య కుండీలో పెంచుకుంటోంది. బేరం వేళ్ళతోనే అయిపోతుంది. ఇరవై బాత్‌లకి రెండు కట్టలు, కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు.

“ఈ మనిషికి నా పేరు తెలీదు, నాకు తన పేరు తెలీదు. మూడేళ్ళుగా ఒక్క వారం కూడా నన్ను మర్చిపోలేదు,” అంటుంది అత్తయ్య సంచీ మూతి ముడేస్తూ.

విమానాశ్రయం పక్కనే ఇమిగ్రేషన్ ఆఫీసు. ఎనిమిదింబావుకే వరస బయటికొచ్చేసింది. ఈ వరస చూడాల్సిందే. చేతికర్రలు, మోకాళ్ళకి పట్టీలు, పూల చొక్కాలు, పాలిపోయిన పచ్చబొట్లు. ప్రతివాళ్ళ చంకలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. పెళ్ళిచూపులకి జాతకాలు పట్టుకొచ్చినట్టు దాన్ని గుండెకానించి నిలబడ్డారు. విమానం నెత్తిమీంచి దిగినప్పుడల్లా మాటలన్నీ ఒక్కసారిగా ఆగి, మళ్ళీ మొదలవుతున్నాయి.

ఫోల్డరులో ఏముందో మావయ్య చూపిస్తాడు. టీఎం 7 ఫారం. పాస్‌పోర్టు ప్రతి పేజీకీ నకలు, ప్రతి నకలుమీదా సంతకం. బ్యాంకు పుస్తకం, బ్యాంకువాళ్ళ ఉత్తరం. ఉన్న ఇంటి చిరునామా కాగితం. ఫీజు 1,900 బాత్‌లు. అసలు సంగతి ఆ బ్యాంకు పుస్తకంలో ఉంది. యాభయ్యేళ్ళు నిండినవాళ్ళెవరైనా అడగొచ్చు. నెలకి 65,000 బాత్‌ల ఆదాయమైనా చూపాలి, ఇక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లైనా ఉండాలి. మన లెక్కలో ఇరవై లక్షలు దాటుతుంది. మావయ్య పింఛను మొదటిదానికి చాలదు కాబట్టి రెండోది. దరఖాస్తుకి రెండు నెలల ముందునుంచీ, ఆమోదం వచ్చాక మూడు నెలల దాకా ఆ డబ్బు కదలకూడదు. మిగతా ఏడాది కూడా 4 లక్షలకి తగ్గకూడదు.

మా వెనక నిలబడ్డ పెద్దాయనకి ఎనభై దాటాయి. ఇంగ్లండులో లీడ్స్‌వాడు, బస్సులు నడిపి రిటైరయ్యాడు. మావయ్యకి సంతలో పరిచయం.

“మీరు ఈ డబ్బుని ఏమంటారు?” అని నన్నే అడుగుతాడు.

“డిపాజిట్టు?”

“నా ఇన్సూరెన్సు. ఈ వయసులో నాకు పాలసీ ఇచ్చేవాడు లేడు. జబ్బు చేస్తే ఇదే దిక్కు. కానీ దీన్ని ముట్టుకుంటే వీసా పోతుంది. జబ్బు మనిషిని, దేశం విడిచి ఎక్కడికి పోను?”

ఆయన 2009లో వచ్చాడు. అప్పుడు బ్రిటన్ ప్రభుత్వ పింఛను వారానికి 95 పౌండ్లు. ఇప్పటికీ ఆయనకి అంతే. అక్కడే ఉన్నవాళ్ళకి అదే పింఛను పెరిగి 169 పౌండ్లయింది. థాయ్‌లాండ్‌లో స్థిరపడ్డవాళ్ళకి బ్రిటన్ ఏటా పెంచదు, ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్ళకి పెంచుతుంది. ఒప్పందం ఉన్న దేశానికో లెక్క, లేని దేశానికో లెక్క. పైగా అప్పట్లో పౌండుకి యాభైకి పైగా బాత్‌లొచ్చేవి, ఇప్పుడు నలభై మూడు, నలభై నాలుగు. “సముద్రం కావాలా, కొండ కావాలా అని ఏడాదిపాటు ఆలోచించాను. ఈ సంగతి మాత్రం కనుక్కోలేదు,” అంటాడు. ముందు నిలబడ్డ అమెరికావాడు వెనక్కి తిరిగి, తమ మెడికేర్ కూడా దేశం దాటితే పనిచెయ్యదని అందిస్తాడు. వరసంతా ఒకరి రోగం ఒకరికి చెప్పుకునే ఆస్పత్రి అరుగులా ఉంది.

తలుపులు తెరుచుకుంటాయి. ఏసీ చల్లదనం, ఫ్లోర్ క్లీనర్ వాసన. గోడమీది థాయ్ అక్షరాలు మావయ్య కూడబలుక్కుని చదువుతాడు. నెల పేరు ‘మీనాఖొమ్’. మన మీనమే. వచ్చే నెల ‘మేసాయొన్’, మేషం. సంవత్సరం 2568, బౌద్ధ శకం.

“రిటైర్‌మెంటుని ఏమంటారో తెలుసా?” అని నా చెవిలో అంటాడు. “కసియన్ ఆయు. సంస్కృతమే. క్షీణ ఆయువు!”

నవ్వు ఆపుకోలేకపోతాం. కౌంటరు వెనక అమ్మాయి తలెత్తి చూసి తనూ నవ్వుతుంది, ఎందుకో తెలియకుండానే. మనవాళ్ళని థాయ్ జనం మామూలు మాటల్లో ‘ఖేక్’ అంటారు. దానికి అసలు అర్థం అతిథి. తిట్టుగా అనేవాళ్ళూ ఉన్నారు, అలవాటుగా అనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఈ కౌంటరు ముందు ఆ మాట చట్టమంత కచ్చితంగా వినిపించింది. అతిథిని మర్యాదగా చూస్తారు. అతిథికి భూమి కొనే హక్కుండదు. కట్టడం మొత్తంలో విదేశీయుల వాటా 49 శాతం మించకపోతే కాండో ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఈ వీసామీద జీతం లేకుండా కూడా పని చెయ్యకూడదు. తొంభై రోజులకోసారి ఎక్కడున్నాడో చెప్పుకోవాలి, మరిచిపోతే 2,000 బాత్‌ల జరిమానా.

అమ్మాయి మావయ్య కాగితాలన్నీ తిప్పి స్టాంపు వేస్తుంది. తర్వాత అత్తయ్య పాస్‌పోర్టు. ఆమె మావయ్యమీద ఆధారపడిన భార్యగా ఉంటోంది. ఆమెకి వేరే బ్యాంకు పుస్తకం అక్కర్లేదు, పెళ్ళి సర్టిఫికెట్ చాలు.

“ఈయనకేమన్నా అయితే?” అని అత్తయ్య కౌంటరు దగ్గరే, తెలుగులో, నన్ను అడుగుతుంది. “నన్నెళ్ళిపొమ్మంటారా?”

పక్కనున్న దుబాసీని అడిగాను. ఆయన వీసామీద నిలబడ్డ ఆవిడ వీసా ఆయనతోనే పోతుందనీ, అప్పుడు మళ్ళీ మొదటినుంచీ సొంతంగా పెట్టుకోవాలనీ చెప్పాడు. మావయ్య అద్దాలు తుడుచుకుంటున్నాడు, విననట్టు.

మధ్యాహ్నం ఖావ్ సోయ్ తిన్నాం. కొబ్బరిపాల పులుసులో గోధుమ నూడుల్సు, పైన కరకరలాడే వేపుడు, పక్కన పులియబెట్టిన ఆవకూర. గిన్నె అరవై బాత్‌లు. ఇంట్లో వండుకోవడానికీ బయట తినడానికీ పెద్ద తేడా లేదు. రెండు గదుల ఇంటి అద్దె, కరెంటు, తిండి, తిరుగుడు అన్నీ కలిపి మావయ్య పింఛనూ, దాచుకున్నదాని వడ్డీ సరిపోతున్నాయి. గీకి గీకి.

తింటూ అత్తయ్య పోయిన వానల సంగతి చెబుతుంది. మావయ్యకి డెంగీ. ప్రైవేటు ఆస్పత్రి హోటల్లా ఉందట, నర్సులు కూతుళ్ళలా చూశారట. అర్ధరాత్రి ఒక నర్సు కంగారుగా వచ్చి ఏదో చెప్పి, అర్థం కావడంలేదని ఫోనులో తెలుగులోకి మార్చి చూపించింది. ‘మీ భర్త రక్తపు పొలుసులు పడిపోతున్నాయి.’ ప్లేట్‌లెట్లని థాయ్‌లో రక్తపు పొలుసులే అంటారు. అది తెల్లారాక తెలిసింది. “ఆ రాత్రంతా ఒంటిమీద పొలుసులు వెతుకుతూ కూర్చున్నానురా,” అంటుంది. ఇప్పుడు నవ్వుతోంది. వైద్యం బాగుంది, మూడొంతుల బిల్లు పాలసీయే కట్టింది. ఆ పాలసీ ఇంకెన్నేళ్ళు ఇస్తారో, ఎంతకిస్తారో మాత్రం ఏటేటా చూడాల్సిందే.

మూడు గంటలకి లీడ్స్ పెద్దాయన మమ్మల్ని పింగ్ నది అవతలికి తీసుకెళ్ళాడు. స్నేహితుడి సమాధిమీద పూలు పెట్టాలట. జింఖానా క్లబ్బు పక్కన విదేశీయుల శ్మశానం. థాయ్‌లో ‘సుసాన్’. ఈ మాట కూడా మావయ్య చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. రాజు చులాలోంగ్‌కోర్న్ 1898లో ఇచ్చిన స్థలం. టేకు వ్యాపారులు, మిషనరీలు, ఈమధ్య పింఛనుదారులు. మధ్యలో నల్లబడ్డ కంచు విక్టోరియా రాణి, చేతిలో రాజదండం. ఒకప్పుడు బ్రిటిష్ కాన్సులేట్ తోటలో ఉండేదట. పొగలో ఆవిడ కూడా ఎవరికోసమో ఎదురుచూస్తున్న ముసలావిడలానే ఉంది. ఈ దేశంలో మాకు దొరికే నేల ఇదొక్కటే అని పెద్దాయన జోకు. ఇక్కడికి రావడానికీ కాగితాలు కావాలట. విదేశీయుడు ఇంట్లో పోతే పోలీసులు రావాలి, శవాన్ని ఇవ్వడానికి ఎంబసీ ఉత్తరం కావాలి. థాయ్‌లో వీలునామా లేకపోతే, ఆ 8 లక్షలకోసం వారసులు కోర్టు చుట్టూ తిరగాలి.

తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు.

సాయంత్రం ఆరయింది. మావయ్య సోఫాలో వాలి, “ఇంక చాల్లేవే. వచ్చే మార్చికి రాజమండ్రి పోదాం. గోదావరిగట్టు మీద పొగైనా ఉండదు,” అన్నాడు.

“మీరు పోండి,” అంది అత్తయ్య, గోంగూర ఆకు ఒలుస్తూ. “నేను ఏప్రిల్ దాకా హువా హిన్లో సముద్రం పక్కన గది తీసుకుని, వానలకి తిరిగొస్తా.”

ఇద్దరం ఆమెకేసి చూశాం. ఇక్కడికి వద్దు మొర్రో అని ఏడ్చిన మనిషి ఆమే. గోదావరి పక్కన పుట్టి కూడా ఈత రాదు. అరవయ్యో ఏట, ఈ కాండో కొలనులో, ఇద్దరు కొరియా ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. సైకిలు తొక్కుతుంది. చీర కట్టుకున్నా, పంట్లాం వేసుకున్నా “ఈ వయసులో ఏంటిది” అనేవాళ్ళు లేరు. నిలువెత్తు దగ్గు పట్టుకున్న ఈ ఊళ్ళోనే ఆమెకి ఊపిరాడుతోంది. నన్నడిగితే, ఇక్కడికొచ్చే జంటల్లో ఈ లెక్క ఇద్దరూ విడివిడిగా వేసుకోవాలి. ఇల్లు కొనొద్దు, అద్దెకుండాలి. స్వదేశంలో ఒక తలుపు తాళం వేసి ఉంచుకోవాలి. డిసెంబరు చూసి కాదు, మార్చి చూసి రావాలి. ముఖ్యంగా ఎవరి స్టాంపు వాళ్ళకుండాలి.

“కోనసీమలో మా అమ్మ ఇచ్చిన అరెకరం కొబ్బరితోట అమ్మకానికి పెట్టమని తమ్ముడికి చెప్పాను,” అంది అత్తయ్య. “8 లక్షల బాత్‌లకి అది చాలు. సోమవారం నువ్వు నాతో బ్యాంకుకి రా నాన్నా, నా పేరున ఖాతా తెరవాలి.”