పసుపు పూవు ఒక్కటే, పైరు ఒక్కటి కాదు



భద్రాచలం అడవి అంచున నడిచిపోతున్నారు. ఒక చేనులో నడుమెత్తున ఏదో తెలియని పైరు. నిటారైన కాడ, కొసన పసుపు పూల గుత్తి. "ఇది పశువుల మేతా, పిచ్చి మొక్కా?" అని వెంట ఉన్నవాడు అడిగితే ఏమని చెబుతారు? కొడవలి తీయకముందే జవాబు కావాలి. అలాంటి పూవే పూచే మొక్కల్లో ఒకటి మేత, మరొకటి విషం.

ఈ చిక్కు నేటిది కాదు. 1780 దశకంలో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించినాడు. ఆకు, పూవు, కాయ అన్నీ చూసి, తెలుగువారు పిలిచే పేరు కూడా వ్రాసుకొన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. మన జనుము అందులో ఉన్నది.

అంతకుముందే, 1753లో, స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జనుముకూ గిలిగిచ్చకూ ఒకే ఇంటిపేరు పెట్టినాడు. అది క్రోటలేరియా. గిలకకు గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి వచ్చింది. ఎండిన కాయ ఊపి చూడండి, గలగలమంటుంది. మన గిలిగిచ్చ అన్న పేరులోనూ ఆ చప్పుడే వినిపిస్తుంది గదా!

ఇంటిపేరు ఒకటైనా గుణం ఒకటి కాదు. కనుక మొదట ఆకు లెక్కపెట్టండి. మూడేసి ఆకులుంటే పిల్లిపెసర గాని, స్టైలో గాని కావచ్చును. చింతాకువలె జంటలు జంటలుగా ఉండి, సన్నని పొడుగు కాయ ఉంటే జీలుగ. ఆకు ఒంటిదైతే మాత్రం ఆగి చూడండి. సన్నని పొడుగాటి ఆకు, కాయమీద మెత్తని నూగు ఉంటే జనుము. ఆకు కొసన వెడల్పై నొక్కు పడి, కాయ నున్నగా ఉంటే పొట్టి గిలిగిచ్చ. ఇందులో మోనోక్రోటలీన్ అనే విషం ఉన్నది. అది కాలేయాన్ని చెరుస్తుంది. తిన్ననాడే తెలియదు, కొన్ని వారాలకు పశువు చిక్కిపోవచ్చును. ఎండబెట్టినా ఆ విషం పోదు.

భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిదే. ఆ జిల్లా డెల్టాలో వరి కోతకు ముందు జనుము, పిల్లిపెసర చల్లి పశువులకు మేపడం పాత ఆచారం. అయితే జనుమునైనా గింజ పట్టకముందే కోసి, వరిగడ్డితో కలిపి పెట్టాలి. గింజలు మేపరాదు.

విస్తరణోద్యోగులకు ఒక మాట. తెలియని మొక్క కనబడితే ఆకు, పూవు, కాయ ఉన్న కొమ్మను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి ఉంచుకోండి. ఊరి కోయ పెద్దలను పేరు అడిగి దానిమీద వ్రాయండి. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చేసినదీ ఇంచుమించు ఇదే.

రైతులారా, పేరు తేలిన తరువాతనే మేత. అంతవరకు గొడ్డును ఆ చేను గట్టు దాటనివ్వకండి.