తృప్తిని కొలిచే కొలబద్ద

గత సంవత్సరం మా కళాశాలలో అధ్యాపకులందరికీ ఒక ఫారం పంచారు. గుర్తింపు కమిటీ రాబోతున్నది, కాగితాలు సిద్ధం కావాలి. ఫారంలో 30 ప్రశ్నలు. ఉద్యోగం పట్ల, పై అధికారుల పట్ల, పని పరిస్థితుల పట్ల మీకెంత సంతృప్తి వున్నదో ఒకటి నుంచి ఐదు వరకు వున్న అంకెల్లో ఒకదానిమీద గుర్తు పెట్టి తెలపాలి. పేరు రాయనక్కరలేదన్నారు. కాని శాఖ పేరూ, సర్వీసు ఎన్నేళ్ళో రాయాలి. మా తెలుగు శాఖలో వున్నదే ముగ్గురం! నా పక్క కుర్చీలోని కాంట్రాక్టు అధ్యాపకుడు రెండు నిమిషాల్లో 30 ప్రశ్నలకూ ఐదు పెట్టేసి, "రెన్యువల్ ఏప్రిల్లో గదా మాస్టారూ" అని నవ్వి క్లాసుకు వెళ్ళిపోయాడు.

ఆ ఫారం ఎక్కడ పుట్టింది? పనివాడికి తృప్తిగా వున్నదా లేదా అని అడగాలన్న ఆలోచన ఎవరికి, ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నకు చరిత్రలో చాలా స్పష్టమైన సమాధానం వుంది. మనవాళ్ళు దానిపై తగినంత దృష్టి పెట్టలేదని నా అభిప్రాయం.

అసంతృప్తి మాత్రం కొత్తది కాదు. "ఉద్యోగం" అంటే మన కావ్యభాషలో ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధానికి పూనుకోవడాన్ని గురించినదే గాని జీతానికి సంబంధించినది కాదు. జీతానికి చేసే పనికి మన పాతమాట "కొలువు". ఆ కొలువును ధూర్జటి తన కాళహస్తీశ్వర శతకంలో ఎంతగా ఏవగించుకున్నాడో తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. అయితే రాజుగారు ధూర్జటిని పిలిచి, నీ అసంతృప్తి ఎంత పాలు అని కొలత తీసుకోలేదు. పాత సమాజం తృప్తిని ఒక ధర్మంగా బోధించింది: ఉన్నదానితో సరిపెట్టుకో అన్నది. తృప్తిని కొలిచి, దానివల్ల ఉత్పత్తి ఎంత పెరుగుతుందో లెక్కకట్టడం ఫ్యాక్టరీ యుగపు పని.

కార్మికులకు ప్రశ్నావళి పంపిన తొలివారిలో మార్క్సు ఒకడు. 1880లో ఫ్రాన్సులో వెలువడే "రెవ్యూ సోషలిస్ట్" పత్రిక కోసం ఆయన సుమారు నూరు ప్రశ్నలు తయారుచేశాడు. పనిగంటలెన్ని, భోజన విరామం ఎంత, యంత్రానికి రక్షణ తొడుగు వుందా, ప్రమాదం జరిగితే యజమాని ఏమిస్తాడు, కూలి ఎన్నాళ్ళకొకసారి ముడుతుంది, ఇంటి అద్దె ఎంత, సమ్మెలు జరిగాయా – ఇవీ ఆ ప్రశ్నలు. "మీరు తృప్తిగా వున్నారా" అన్న ప్రశ్న వాటిలో లేదు. తన పరిస్థితులు చెప్పగలవాడు కార్మికుడేనన్నది ఆ పట్టికకు ఆధారం. జవాబులు మాత్రం కొద్దిగానే వచ్చాయి. పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడి చేత నూరు ప్రశ్నలకు జవాబు రాయించడం తేలిక కాదని మార్క్సుకు కూడా అనుభవంలోకి వచ్చివుంటుంది.

పనిలో ఆనందం వున్నదా అని సూటిగా అడిగినవాడు జర్మనీలో ఆడాల్ఫ్ లెవెన్‌స్టైన్. ఈయన స్వయంగా కార్మికుడు, సొంతంగా చదువుకున్నవాడు. గనులు, బట్టల మిల్లులు, లోహ పరిశ్రమల్లోని వారికి 8,000 ప్రశ్నావళులు పంపితే 5,040 తిరిగివచ్చాయి. 1912లో ఫలితాలు ప్రకటించాడు. మూడు వృత్తుల్లోనూ పని పట్ల ఆనందం కంటె విముఖతే ఎక్కువగా తేలింది. నేతపనివారిలో నూటికి డెబ్బై అయిదుగురు ఆనందం లేదన్నారు. అడిగినవాడు తమవాడు, జవాబు యజమాని చేతికి పోదు. అందుకే అన్ని వేలమంది నోరు విప్పారని నేననుకుంటాను.

అదేకాలంలో అమెరికాలో మరో పద్ధతి నడుస్తున్నది. బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుపదిమ్మలు మోసే కూలివాడిచేత టేలర్ నలభై ఏడున్నర టన్నులు మోయించాడు. కూలి ఒక డాలరు 15 సెంట్ల నుంచి ఒక డాలరు 85 సెంట్లయింది. మోత దాదాపు నాలుగింతలు, కూలి రెండింతలు కూడా కాదు. టేలర్‌కు కార్మికుని మనసుతో పనిలేదు. కాని మనసు పనికి అడ్డుపడింది. 1911లో వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచి చూసి పనిని కొలవడానికి వ్యతిరేకంగా కార్మికులు పని మానేశారు, అమెరికన్ కాంగ్రెసు విచారణ జరిపింది. శరీరాన్ని కొలిస్తే చాలదని యాజమాన్యాలకు అప్పటినుంచి తెలిసివచ్చింది.

ఇక్కడి నుంచి మనం షికాగో పక్కనున్న సిసిరోకు పోవాలి. అక్కడి హాథార్న్ కర్మాగారంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ టెలిఫోన్ పరికరాలు తయారుచేసేది. 1920ల చివర అక్కడ సుమారు 40 వేలమంది పనిచేశారు. నేటికీ ఏ మేనేజిమెంటు పాఠ్యపుస్తకం తెరిచినా ఈ పేరు కనిపిస్తుంది. 1924లో దీపాల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని పరీక్షలు మొదలయ్యాయి. వెలుతురు పెంచినా పెరిగింది, తగ్గించినా పెరిగింది. 1927 ఏప్రిల్‌లో టెలిఫోన్ రిలేలు కూర్చే అయిదుగురు స్త్రీలను వేరే గదిలో కూర్చోబెట్టి, మధ్యమధ్య విరామాలిచ్చి, చిరుతిండి పెట్టి, పనిగంటలు తగ్గించి చూశారు. ఉత్పత్తి పెరుగుతూ పోయింది. 1928లో ఇచ్చినవన్నీ తీసివేసి పాత వారానికి మార్చినా వారం మొత్తంమీద ఉత్పత్తి పడిపోలేదు. ఇంకేముంది, కార్మికునికి కావలసింది డబ్బు కాదు, విశ్రాంతి కాదు, ఆదరణ అన్న సిద్ధాంతం సిద్ధమయింది. హార్వర్డ్ ఆచార్యుడు ఎల్టన్ మేయో దీనికి ప్రవక్త అయ్యాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈయనకు వైద్యపట్టా లేదు గాని, కర్మాగారాన్ని రోగినిలా చూడటంలో మాత్రం మంచి నేర్పరి.

కథ వినడానికి బాగానే వుంది. వారు వదిలిపెట్టినవి కొన్ని చూద్దాం. గదిలోకి రాకముందు ఆ స్త్రీల కూలి వందమందికి పైబడిన బృందపు ఉత్పత్తి మీద ఆధారపడేది. గదిలోకి వచ్చాక అయిదుగురి ఉత్పత్తి మీదనే. అంటే చేతిపని పెరిగితే ఆ పెరుగుదల సొంత సంచిలోకే వచ్చేది. మరో అయిదుగురిని మామూలు విభాగంలోనే వుంచి, విరామాలేమీ ఇవ్వకుండా కూలి పద్ధతి ఒక్కటి మార్చి చూస్తే ఉత్పత్తి వెంటనే పెరిగింది. మిగతా పనివారు మాకూ అదే కావాలని అడగడంతో ఆ పరీక్షను తొమ్మిది వారాల్లో ఆపేశారు! ఇక గదిలోని మొదటి అయిదుగురిలో ఇద్దరిని, మాటలెక్కువ మాట్లాడుతున్నారని, చెప్పిన మాట వినడంలేదని 1928 జనవరిలో తీసివేసి, చురుకైన మరో ఇద్దరిని తెచ్చారు. తీసివేసిన వారిలో ఒకతె "బోల్షెవిక్" అయిపోయిందని విన్నట్టు మేయో రాశాడు. ఆ తర్వాతనే ఉత్పత్తి బాగా ఎగబాకింది. ఆదరణ సిద్ధాంతం కింద ఇద్దరి తొలగింపు దాగివుందన్న మాట. ఆస్ట్రేలియన్ పరిశోధకుడు అలెక్స్ కేరీ 1967లో ఈ లెక్కలన్నీ తిరగతోడి, ఆ పరీక్షల సొంత సాక్ష్యమే కూలి ప్రభావాన్ని చూపుతున్నదని నిరూపించాడు. పాఠ్యపుస్తకాలు మాత్రం మారలేదు.

1928 నుంచి 1930 దాకా కంపెనీ సుమారు 21 వేలమంది కార్మికులతో ముఖాముఖి మాట్లాడించింది. మొదట నిర్ణీత ప్రశ్నలు వేశారు. తరవాత, ఏం చెప్పినా విను, వాదించకు, సలహా ఇవ్వకు అన్నారు. పరిశోధకులు రోత్లిస్‌బర్గర్, డిక్సన్ 1939 నాటి తమ పెద్ద గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక కార్మికుడు కూలి రేట్లు తక్కువన్నాడు. మాట్లాడించగా, అతని భార్య జబ్బుతో వుందని, ఆసుపత్రి ఖర్చు అతన్ని బాధపెడుతున్నదని తేలింది. కాబట్టి ఫిర్యాదులో పైకి కనిపించే విషయం ఒకటి, లోపల వున్నది మరొకటి అని వారి నిర్ణయం. నేనీ పుటను మళ్ళీ మళ్ళీ చదివాను. ఆసుపత్రి ఖర్చు దేంతో కట్టాలి? కూలితోనే గదా! కూలి చాలదనడంలో ఇంతకంటె గట్టి కారణం ఏం కావాలి? అతని మాటలో గూఢార్థమేమీ లేదు. వినేవారే దాన్ని గూఢంగా చేసుకున్నారు. సాహిత్యవిమర్శలో కూడా ఈ జబ్బు మనకు తెలిసిందే. ఆకలి గురించి రాసిన కవితలో ఆత్మవేదనను వెతికేవారు మనలో లేరా?

నా దృష్టిలో హాథార్న్‌లో అన్నిటికంటె విలువైనది మూడో గది. 1931 నవంబరు నుంచి 1932 మే వరకు టెలిఫోన్ స్విచ్చి బ్యాంకులకు తీగలు కట్టే 14 మంది మగవారిని ఒక గదిలో పెట్టి ఊరికే గమనించారు. తొమ్మిదిమంది తీగలు కట్టేవారు, ముగ్గురు టాంకం వేసేవారు, ఇద్దరు తనిఖీదారులు. యాజమాన్యం లెక్క ప్రకారం మనిషి రోజుకు 7,312 కనెక్షన్లు చేయాలి. వారు తమలో తాము పెట్టుకున్న హద్దు సుమారు 6,600. దాన్ని మించినవాడికి వెక్కిరింపు పేరు పెట్టేవారు, మరీ మించితే భుజం మీద ఒక గుద్దు తగిలించేవారు. మరీ తక్కువ చేసినవాడికీ, మేస్త్రీకి మోసినవాడికీ మర్యాద లేదు. ఎక్కువ చేసినరోజు కొంత దాచి, తక్కువ చేసిననాడు కలిపి చెప్పేవారు. లెక్క కాగితం మీద ఎప్పుడూ ఒకే గీత.

ఎందుకిలా అని అడిగితే చెప్పారు: ఎక్కువ చేస్తే రేటు కోస్తారు, లేదా మనలో కొందరిని ఇంటికి పంపిస్తారు. పరిశోధకులు దీన్ని హేతుబద్ధంగా ఒప్పుకోలేదు. రేటు కోసిన అనుభవం వారికి లేదు గదా, ఇది తర్కం కాదు, గుంపు మనోభావం అన్నారు. అది మాంద్యకాలం. బజారులో లక్షలమంది పనిలేకుండా తిరుగుతున్నారు. హాథార్న్‌లోనే వేలమందిని తీసివేశారు. చివరకు 1932 మేలో ఆ గదిని మూసివేయడానికి కారణం, చేయడానికి పని లేకపోవడమే. 14 మంది కార్మికులకు అర్థమయిన ఆర్థికశాస్త్రం హార్వర్డు వారికి మనస్తత్వశాస్త్రంగా కనిపించింది.

1936లో కంపెనీ ఇదే పద్ధతిమీద సలహాదారులను నియమించింది. కార్మికుని బాధ వినడం, అతని పేరు బయటపెట్టకపోవడం, యాజమాన్యంతో దాన్ని గురించి ఏమీ చేయకపోవడం వారి ఉద్యోగం. ఇరవై ఏళ్ళు నడిచింది. ఆ ముందటి మూడేళ్ళలో, 1933-36 మధ్య, అదే కంపెనీ కార్మికులమీద గూఢచారులకు 25 వేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టినట్టు సెనేటులోని లాఫోలెట్ కమిటీ బయటపెట్టింది. రోత్లిస్‌బర్గర్, డిక్సన్‌ల గ్రంథంలో దీని ప్రస్తావన లేదు. కార్మిక సంఘాల ప్రస్తావనా దాదాపు లేదు. 1940లోనే మేరీ గిల్సన్ అనే సమీక్షకురాలు ఈ లోపాన్ని ఎత్తిచూపింది.

మనదేశానికి ఈ గాలి స్వాతంత్ర్యం తరవాత వీచింది. 1953లో టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అహమ్మదాబాదులో సారాభాయిల మిల్లుకు వచ్చి, 224 ఆటోమాటిక్ మగ్గాలున్న షెడ్డులో విడివిడి పనులుగా చీలివున్న పనివారిని చిన్న బృందాలుగా మార్చమన్నాడు. బృందాలు కూర్చుకున్నది కార్మికులే. ఫలితం బాగానే వచ్చింది, గుడ్డ నష్టం తగ్గింది. ఇందులో మెచ్చుకోవలసింది వుంది: పని ఎలా సాగాలో పనిచేసేవాడికి తెలుసునని అక్కడ ఒప్పుకున్నారు. అయితే అదే దశాబ్దంలో, 1955లో, మనిషికి మగ్గాలు పెంచే "రేషనలైజేషన్"కు వ్యతిరేకంగా కాన్పూరు మిల్లు కార్మికులు 80 రోజులు సమ్మె చేశారు. బృందం ఎలా కూర్చుకోవాలన్నది కార్మికుడు తేల్చుకోవచ్చు, ఎన్ని మగ్గాలన్నది కాదు – హద్దు అక్కడ గీశారు.

ఇంతవరకు చదివి, కనుక తృప్తి అన్న ప్రశ్నే బూర్జువా మోసమని తేల్చేసే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. సోవియట్ యూనియన్‌లో కూడా, 1960ల ప్రారంభంలో యాదొవ్, జ్ద్రావొమిస్లొవ్ అనే పరిశోధకులు లెనిన్‌గ్రాడ్‌లో 2,665 మంది యువ కార్మికులను పని గురించి ప్రశ్నించి, 1967లో పుస్తకం ప్రకటించారు. ఆస్తి సంబంధాలు మారినంత మాత్రాన చేతులతో ఒకే కదలికను రోజంతా చేసేవాడి విసుగు పోలేదని అందులో కనిపించింది. పనిలో ఆలోచనకు చోటున్నవారే ఎక్కువ తృప్తి చూపారు. 1914లో టేలర్ పద్ధతిని మనిషిని యంత్రానికి బానిస చేయడంగా వర్ణించిన లెనినే 1918లో దాన్ని నేర్చుకోవాలన్నాడు. ఆ నేర్చుకోవడంలో మనిషి ఎంత మిగిలాడన్న ప్రశ్న సోవియట్ పరిశోధకులు వేసేసరికి నలభై ఏళ్ళు పట్టింది. ఈ ఆలస్యాన్ని మనం కప్పిపుచ్చనక్కరలేదు.

మా సంఘం సమావేశంలో ఫారం విషయం చర్చకు వచ్చినప్పుడు, దాన్ని బహిష్కరించాలని కొందరన్నారు. నేను మరొకటి ప్రతిపాదించాను: మనమే ఒక ప్రశ్నావళి తయారుచేద్దాం, కాంట్రాక్టు వారి జీతం ఏ తేదీన అందుతున్నది, వేసవి నెలలకు అందుతున్నదా, వారానికి ఎన్ని పీరియడ్లు, ప్రసూతి సెలవు ఎందరికి దొరికింది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, పాఠం చెప్పడంలో ఆనందం మిగిలిందా అన్న ప్రశ్నతో ముగిద్దామన్నాను. చివరి ప్రశ్న అనవసరమన్నవారు ముగ్గురు. దాన్నే మొదట పెట్టాలన్నది మా కాంట్రాక్టు మిత్రుడొక్కడే.