బుకిట్ పంజాంగ్ కారిడార్లలో ఉట్లు

సింగపూర్‌లో మా ఊరు బుకిట్ పంజాంగ్‌కు పాత గుర్తు పదో మైలు. నగరం నుంచి బుకిట్ తిమా రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వస్తే, చోవా చు కాంగ్ రోడ్డు ఎడమకు చీలే చోటు అది. ఆ గుర్తుతోనే టెన్ మైల్ జంక్షన్ అని ఒక ఎల్‌ఆర్‌టీ రైలు స్టేషన్ కూడా ఉండేది, 2019 జనవరిలో మూసేశారు. 19వ శతాబ్దంలో ఈ కొండల చుట్టూ గాంబియర్, మిరియాల తోటలుండేవి. తర్వాత రబ్బరు వచ్చింది. ఇప్పటి డెయిరీ ఫామ్ రోడ్డు వైపు కోల్డ్ స్టోరేజ్ కంపెనీ పాల కోసం ఆవుల్ని పెంచింది. 1942 ఫిబ్రవరిలో జపాన్ సేనలు ఈ కూడలి మీదుగా బుకిట్ తిమా వైపు దిగాయి. ఆ నెల 15న బ్రిటిష్ వాళ్ళు లొంగిపోయిన ఫోర్డ్ ఫ్యాక్టరీ కూడా ఇదే రోడ్డు మీద ఉంది. 2011 జూన్ 30 దాకా మలేసియా రైలు ఈ ఊరి మధ్య నుంచే వెళ్ళేది. పట్టాలు తీసేశాక ఆ దారి నడకదారి అయింది.

ఇదంతా పుస్తకాల్లో, దారి పక్క బోర్డుల మీద దొరికే చరిత్ర. నాకు రాయాలని ఉన్నది ఊళ్ళో జనం చేతుల్లో నడిచిన తాడు గురించి, ఆ తాడుకు వేసిన ముడుల గురించి.

ఫ్లాట్లు రాకముందు ఇక్కడివి కాంపుంగ్ (మలయ్ పల్లె) ఇళ్ళు, కూరగాయల మళ్ళు, పందుల దొడ్లు, కోళ్ళ ఫారాలు. అలాంటి ఊళ్ళో తాడు లేకుండా పూట గడవదు. భుజాన బద్ద పెట్టుకుని, రెండు కొసలా బుట్టలు వేలాడదీసుకుని నడిచే చైనీస్ రైతులు, చిల్లర వ్యాపారులు సింగపూర్ పాత ఫొటోల్లో ఎక్కడ చూసినా కనిపిస్తారు. మన కావడి కూడా అంతే. బద్ద ఒక్కటే ఉంటే కావడి కాదు, దాని కొసల నుంచి దిగే తాళ్ళ ఉట్లే బరువు పట్టేవి. ఉత్తరాంధ్ర నుంచి మలయా తోటలకు కూలికి వచ్చిన మనవాళ్ళకూ, పెరాక్‌లో బగాన్ డాతో లాంటి చోట్ల కొబ్బరి తోటల్లో స్థిరపడ్డవాళ్ళకూ ఈ పద్ధతి పుట్టుకతో తెలుసు. నేర్పించాల్సిన పని ఎవరికీ రాలేదు.

1980లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఇక్కడ కొత్త పట్టణం కట్టడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళు దానికి జెంగ్హువా అన్న పేరు నడిచి, మళ్ళీ బుకిట్ పంజాంగ్ అయింది. ఆ పాత పేరు ఇప్పుడు బళ్ళకూ పార్కుకూ మిగిలింది. 1989లో ప్రతి బ్లాకులోనూ ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉండవచ్చో ప్రభుత్వం పరిమితులు పెట్టింది. దాంతో చైనీస్, మలయ్, భారతీయ కుటుంబాలు ఒకే కారిడార్‌లో గుమ్మం పక్క గుమ్మంగా కాపురం పెట్టాయి. ఆ విధానం మీద రకరకాల అభిప్రాయాలున్నాయి. ఫ్లాటు అమ్ముకునేటప్పుడు దాని ఇబ్బంది తెలుస్తుంది కూడా. కానీ నా విషయానికి అది చేసిన మేలు పెద్దది. మా కారిడార్ ఒక కొస నుంచి మరో కొసకు నడిస్తే మూడు నాలుగు దేశాల తోరణాలు ఒక్కసారే చూడవచ్చు.

చైనీస్ కొత్త సంవత్సరానికి ఎర్ర ముడులు వస్తాయి. మలయ్ ముస్లింల పండుగ హరిరాయకు రంగు రిబ్బన్లతో అల్లిన కెతుపత్ బుట్టలు వస్తాయి. అసలు కెతుపత్ లేత కొబ్బరాకుతో అల్లి, లోపల బియ్యం పోసి ఉడికించేది. గుమ్మానికి కట్టేది దాని అలంకార రూపం. ఉగాదికీ దీపావళికీ మన మామిడాకులు, వాటి కింద బంతిపూల దండ. దండ కావాలంటే లిటిల్ ఇండియా వెళ్ళాల్సిందే. 2015 డిసెంబరు 27న డౌన్‌టౌన్ లైన్ మెట్రో ఇక్కడి దాకా వచ్చాక రైలు మారే పని లేకుండా పోయింది. సెరంగూన్ రోడ్డు పక్క పూలకొట్టులో ఒక్క నిమిషం నిలబడి ఆ చేతుల్ని చూడండి. రెండు పూలు ఇటు, రెండు అటు పెట్టి, దారాన్ని తొడిమల చుట్టూ తిప్పి, మెలిక వేసి లాగడం. ఆ మెలికకు కన్ను అక్కర్లేదు, వేళ్ళే చూసుకుంటాయి. ఒక్క దారం, వందల ముడులు, రేపటికి వాడిపోయే పూలు. ముడి కళల్లో ఇంత రోజువారీ కళ మరొకటి లేదని నా నమ్మకం.

ఎర్ర ముడి సంగతి వేరు. అది ఒకే ఒక తాడుతో మొదలై, తిరిగి తిరిగి తనలోకి తానే చొరబడి, ముందూ వెనకా ఒకేలా కనిపిస్తూ ముగుస్తుంది. ఎక్కువగా కనిపించే చదరపు ముడి పేరు పాన్‌చాంగ్. మొదలూ చివరా తెలియని ఆ ఆకారం బౌద్ధుల ఎనిమిది మంగళ చిహ్నాల్లో ఒకటి. సంస్కృతంలో దాన్ని శ్రీవత్సమంటారు, అంటే విష్ణువు రొమ్ము మీది గుర్తు పేరే. ఈ కళ ఒక దశలో పల్చబడింది. తైవాన్‌లో 1970లలో లిడియా చెన్ పాత ముడులు వెతికి, కట్టినవాళ్ళను అడిగి, విప్పి చూసి, 1981లో పుస్తకంగా తెచ్చాక మళ్ళీ ఇళ్ళల్లోకి వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ సరుకే ఎక్కువ. అయినా మా అంతస్తులో ఒక పెద్దావిడ ఉంది, అందరూ ఆంటీ అంటాం. ఏటా తన ముడి తానే కడుతుంది. థర్మోకోల్ పలక మీద గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య తాడు పరిచి, అన్నీ అయ్యాక సూదులు తీసేసి కొంచెం కొంచెంగా బిగిస్తుంది. ఆ బిగింపుకే సగం పూట పడుతుంది. ఒక వైపు ఎక్కువ లాగితే మొత్తం ఆకారం వంకర తిరుగుతుంది. అందుకే తొందరపడేవాళ్ళకు ఆవిడ అది నేర్పదు.

వీటన్నిటి మధ్యకు ఇప్పుడు తాళ్ళను ముడులేసి అల్లే మాక్రమే వచ్చింది. 2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 దాకా కరోనా కట్టడిలో సింగపూర్ ఇళ్ళకు పరిమితమైనప్పుడు జనం మొక్కల మీద పడ్డారు. మనీప్లాంట్లు, మాన్‌స్టెరాలు, ఫెర్న్‌లు. మొక్క వచ్చాక దాన్ని వేలాడదీయడానికి తాడు కావాలి. హెచ్‌డీబీ కారిడార్‌లో కుండీలు బారుగా పేర్చడానికి వీల్లేదు, మనుషులు బయటపడడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. పిట్టగోడ బయట కుండీ వేలాడదీస్తే అది కింద నడిచేవాళ్ళ నెత్తి మీద పడే ప్రమాదం. కాబట్టి మొక్క లోపలికీ, పైకీ వెళ్ళింది. కిటికీ దగ్గర, బాల్కనీ కప్పు నుంచి, తెల్లని నూలు తాళ్ళలో. కమ్యూనిటీ క్లబ్బుల్లో క్లాసులు వచ్చాయి. దారాల కోసం చైనాటౌన్‌లో పీపుల్స్ పార్క్ సెంటర్ కొట్లకు వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు.

మా ఎల్‌ఆర్‌టీ ఎక్కితే ఇవి చూడవచ్చనుకుంటాం గానీ, ఆ రైలు చూడనివ్వదు. 1999 నవంబరు నుంచి నడుస్తున్న ఆ చిన్న రైలు పెటిర్, పెండింగ్, బంగ్కిట్, ఫజార్, సెగార్, జెలపాంగ్, సెంజా అంటూ ఇళ్ళ మధ్యలో చుట్టు తిరుగుతుంది. బ్లాకు దగ్గరికి రాగానే కిటికీ అద్దాలు వాటంతట అవే పాలలా తెల్లబడతాయి, ఎవరి ఇంట్లోకీ ఎవరూ తొంగిచూడకుండా. బ్లాకు దాటగానే మళ్ళీ తేటపడతాయి. కాబట్టి మా ఊరి ముడులు చూడాలంటే నడవాల్సిందే.

మాక్రమే పుట్టుక గురించి అందరూ చెప్పేది ఒకటే కథ. 13వ శతాబ్దపు అరబ్ నేతగాళ్ళు బట్ట అంచున మిగిలిన పోగుల్ని ముడులేసి కుచ్చులు చేశారు, అది స్పెయిన్‌కూ ఇటలీకీ పాకింది, ఓడల మీద నావికులు తీరిక వేళల్లో కట్టి రేవుల్లో అమ్ముకున్నారు. 1882లో లండన్‌లో మాక్రమే లేసు మీద సిల్వియా పేరిట వచ్చిన పుస్తకం ఇంటింటి ఆడవాళ్ళ కోసం. 1970లలో అమెరికాలో మళ్ళీ పిచ్చి పట్టింది. ఆ అల తెలుగు ఊళ్ళను 1980లలో తాకింది. ఆ కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నిగనిగలాడే నైలాన్ దారంతో కట్టిన గుడ్లగూబలు, చెక్కపూసలు గుచ్చిన ఉత్తరాల సంచులు, హాల్లో ఉయ్యాలలు. మా పిన్ని కట్టిన ముదురాకుపచ్చ గుడ్లగూబ ముప్ఫై ఏళ్ళు మా గోడ మీద ఉంది. నైలాన్ గనక చెదలు తినలేదు, దుమ్ము మాత్రం బాగా తిన్నది.

ఈ కథలో మన ఊసు కుచ్చుకైనా లేదు. మాక్రమే కుండీ తాడు ఆకారం ఏమిటి? పైన ఒక చుట్టు, అక్కడి నుంచి మూడో నాలుగో పేటలు, మధ్యలో వాటిని జతకలిపే ముడులు, అడుగున కుండ కూర్చునే చోటు. ఇది ఉట్టి. పాలు, పెరుగు, నెయ్యి చీమలకూ పిల్లులకూ అందకుండా దూలానికి వేలాడదీసిన ఉట్టి. కృష్ణాష్టమికి వీధిలో కట్టి కొట్టే ఉట్టి. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కునా అని సామెతలోకి ఎక్కిన ఉట్టి. జనుముతోనో కొబ్బరి పీచుతోనో ఇంటి మగవాళ్ళు, ముసలివాళ్ళు అరుగు మీద కూర్చుని పేనిన తాడుతో కట్టినది. నరసాపురం లేసుకు మిషనరీల కాలం నుంచీ చరిత్ర రాసి ఉంది, ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది రావాల్సిందే, వేల మంది ఆడవాళ్ళ కళ్ళు కరిగిన పని అది. కానీ ఉట్టిని హస్తకళ అని ఎవరైనా పిలవగా నేను వినలేదు. అది వంటింటి సామానుగానే పుట్టి, ఫ్రిజ్ రాగానే సామానుగానే పోయింది.

మా అత్తయ్యగారు కోనసీమ నుంచి వచ్చినప్పుడు నేను కట్టిన కుండీ తాడు చూపించాను. ముడుల అందం ఆవిడ చూడలేదు. కింద చెయ్యిపెట్టి కుండీని కాస్త ఎత్తి, వదిలి, అడుగు ముడిని వేళ్ళతో నొక్కారు.

"బరువు పడితే ఇది బిగుస్తుందా, జారుతుందా అమ్మా?" అన్నారు.

"బిగుస్తుంది అత్తయ్యగారూ, తాళ్ళన్నీ కట్టకట్టి చుట్టూ బిగించి చుట్టాను" అన్నాను.

"మరి కుదురేదీ?"

ఆ ప్రశ్న దగ్గరే రెండు పద్ధతుల తేడా ఉంది. ఉట్టికి అడుగున కుదురు ఉంటుంది, పీచుతో గట్టిగా చుట్టిన వలయం. కుండ దాని మీద కూర్చుంటుంది, బరువు పేటలన్నిటికీ సమంగా పంచబడుతుంది. మాక్రమే తాడులో కుదురు లేదు. పేటలన్నీ ఒకచోట చేరి ఒక్క చుట్టుముడిలో ముగుస్తాయి, కుండీ ఆ కూడలి మీద ఆనుకుంటుంది. అడుగు సన్నగా ఉన్న కుండీ అయితే నిలుస్తుంది. వెడల్పాటి అడుగు ఉన్నది ఒరుగుతుంది, నీళ్ళు పోసినప్పుడు మరీను. తడిసిన మట్టితో చిన్న కుండీ కూడా రెండు కిలోలు దాటుతుంది. ఆవిడ పాత తువ్వాలు చింపి మెలిపెట్టి ఒక కుదురు చేసి, నాలుగు పేటలకూ నాలుగు చోట్ల కుట్టారు. ఇప్పుడది కదలదు.

ముడుల సంగతికి వస్తే, నేర్చుకోవాల్సినవి చాలా తక్కువ. నాలుగు పోగులు తీసుకోండి. మధ్య రెండూ ఊరికే నిలబడతాయి, పని చేసేవి పక్క రెండే. ఎడమ పోగును మధ్యవాటి మీదుగా కుడి పోగు కిందికి పంపి, కుడి పోగును వెనక నుంచి తెచ్చి ఎడమ వైపు ఏర్పడ్డ సందులోంచి పైకి లాగితే సగం ముడి. తర్వాతిది కుడి నుంచి మొదలుపెడితే ముడులు బల్లపరుపుగా వరస కడతాయి. ప్రతిసారీ ఎడమ నుంచే మొదలుపెడుతూ పోతే పేట తనంతట తానే మెలి తిరుగుతుంది. నాలుగైదు ముడులకోసారి చేతిలో ఆ మెలిక తిరగడం తెలుస్తుంది. మీటరు పొడవు ఉట్టి కావాలంటే పనిచేసే పోగు ఒక్కొక్కటీ నాలుగు మీటర్ల పైన తీసుకోవాలి, ముడి తాడును అంతలా తింటుంది.

ఇక్కడి గాలిలో తేమ ఏడాది పొడుగునా 80 శాతం చుట్టూ ఉంటుంది. క్లాసుల్లో ఇచ్చే మెత్తటి ఒంటిపేట నూలు తాడు ఫొటోలో అందంగా ఉంటుంది గానీ, నీళ్ళు తగిలే చోట నెలల్లో నల్లమచ్చలు పడుతుంది. జనుము ఇంకా త్వరగా కుళ్ళుతుంది. మొక్క కోసమైతే మూడు పేటలు గట్టిగా పేనిన తాడు గానీ, అందం తక్కువైనా సరే నైలాన్ గానీ వాడమంటాను. ఖాళీగా గోడకు వేలాడే తెల్లని మాక్రమే తెర మీద నాకు పెద్ద ఇష్టం లేదు. ముడి బరువు పట్టడానికి పుట్టింది, ఏదో ఒకటి మోస్తుంటేనే దాని పనితనం తెలుస్తుంది. ఇంకో మాట, కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. ఈ ఊళ్ళో డెంగీ దోమ వెతుక్కునేది ఆ పళ్ళేన్నే.

సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది. ఉగాది, సంక్రాంతి బాగా చేసుకుంటాం. మా పేటలో ఉన్న తెలుగు కుటుంబాలకు నా విన్నపం ఒకటే. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఉట్టి కట్టడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్ళ పక్కన కూర్చుని ఒకటి కట్టించుకోండి. ముఖం కాదు, చేతులు వీడియో తీయండి, కుదురు చుట్టే దగ్గర మరీ దగ్గరగా. తాడు ఎన్ని బారలు పట్టిందో, ఏ నారతో పేనారో రాసుకోండి. కట్టిన ఉట్టిని మడిచి పెట్టెలో తెచ్చేయండి, బరువుండదు. లిడియా చెన్ తైవాన్‌లో చేసిన పని మొదలైంది అలాగే, కట్టడం తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగడంతో. తెచ్చాక చెప్పండి, మా అంతస్తు ఆంటీతో ఇదివరకే మాట్లాడాను. ఆవిడ గుండుసూదుల పలకతో వస్తానంది.